ఆరో లేన్‌లో ఉన్నది నేనే

నా కడుపు ఒకసారి సాక్ష్యం చెప్పింది. నేను రెండు రోజులు నోరు మూసుకుని కూర్చుంటే, చివరికి అదే నా చేత మాట్లాడించింది.

ల్యాబుల్లో కొత్తగా చేరుతున్న పిల్లలు ఇది చదివి నవ్వుకుంటారని తెలుసు. నవ్వండి. మా టెక్నీషియన్ గారు రిటైరై ఇన్నేళ్ళయినా ఫోన్ చేసిన ప్రతిసారీ, "ఏమ్మా, ఆరో లేనూ, బాగున్నావా?" అనే మొదలుపెడతారు. ఆ ఆరో లేన్ ఏమిటో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

గుంటూరు దగ్గర పశువుల జబ్బులు పరీక్షించే ఒక ల్యాబులో నేను ఇరవై రెండేళ్ళు అటెండరుగా పనిచేశాను. అంతకుముందు మిరపకాయల తొడిమలు తీసే కూలీని. ల్యాబులో నా పని గాజు సామాను కడగడం, ఆటోక్లేవ్ అనే పెద్ద కుక్కర్‌లో ఉడికించడం, సూక్ష్మజీవులు పెరగడానికి కావాల్సిన తిండి (దాన్నే మీడియా అంటారు) వండి ప్లేట్లలో పోయడం. ఇంట్లో మనుషులకీ, ఆఫీసులో పురుగులకీ వండిపెట్టి బతికానన్నమాట.

చేరినప్పుడు నాకు అక్షరం రాదు. ఏ సీసాలో ఏముందో రంగు, వాసన, మూత చూసి గుర్తుపట్టేదాన్ని. యాభై దాటాక, మా దగ్గర రీసెర్చ్ చేయడానికి వచ్చిన ఒక అమ్మాయి పట్టుబట్టి అక్షరాలు నేర్పింది. రోజూ మధ్యాహ్నం క్యారేజీలు సర్దేశాక అరగంట. సీసాలకి తెలుగులో చీటీలు అంటించి, అవే నా చేత చదివించేది. ఉప్పు, చక్కెర, స్పిరిట్, నీళ్ళు. నేను కూడబలుక్కుని చదివిన మొదటి మాటలు అవే.

మా పని గురించి ఒక్క ముక్క చెప్పాలి, లేకపోతే తరువాతది అర్థం కాదు. సాల్మొనెల్లా అని ఒక సూక్ష్మజీవి ఉంది. కోడి కడుపులో ఉంటుంది, గేదె కడుపులో ఉంటుంది, గొర్రె కడుపులో ఉంటుంది. తిండిలో కలిసి మన కడుపులోకీ వస్తుంది. వస్తే వాంతులు, విరేచనాలు, జ్వరం. ఫలానా వాళ్ళకి సాల్మొనెల్లా వచ్చింది, ఫలానా కోడిలోనూ సాల్మొనెల్లా ఉంది అనగానే ఆ కోడిదే తప్పు అనడానికి లేదు. ఒకే ఇంటిపేరు ఉన్నవాళ్ళంతా ఒకే ఇంట్లోవాళ్ళు కారు కదా. అది ఏ ఇంటిదో చెప్పేది దాని లోపలున్న జన్యువు.

అప్పట్లో మేము చేసే పద్ధతి ఇది. ఆ జన్యుపదార్థాన్ని బయటికి తీసి, కొన్ని చోట్ల మాత్రమే తెంచే ఒక మందు వేసి ముక్కలు చేసేవాళ్ళు. జున్నుముక్కలా వణికే జెల్ ఒకటి నేను పోసి పెట్టేదాన్ని. దాని ఒక అంచున వరసగా చిన్న గుంటలు. ఒక్కో గుంటలో ఒక్కో శాంపిల్ వేసి కరెంటు పెడితే, చిన్న ముక్కలు ముందుకి పరిగెత్తేవి, పెద్దవి వెనకబడేవి. ఒక శాంపిల్ పరిగెత్తే దారిని లేన్ అంటారు. చివర్లో ప్రత్యేకమైన దీపం కింద పెడితే ప్రతి లేన్‌లోనూ అడ్డగీతలు మెరిసేవి. రెండు లేన్లలో గీతలు ఒకే ఎడంలో ఉంటే ఆ రెండూ ఒకే ఇంటివి. ఇప్పుడు మొత్తం జన్యువునే అక్షరం అక్షరం చదివేస్తున్నారట, మంచిదే. నాకు మాత్రం అక్షరాల కంటే ముందే ఈ గీతలు చదవడం వచ్చింది. మంగళగిరి అంచుకీ చీరాల అంచుకీ తేడా తెలిసిన కళ్ళకి అదెంత పని?

ఇక అసలు సంగతి.

ఒంటిపూట బడులు మొదలైన వారం, ప్రత్తిపాడు దాటాక ఉన్న ఒక ఊళ్ళో, బడిలో మధ్యాహ్నం భోజనం తిన్న పిల్లలు వరసగా పడిపోయారు. పెద్దాసుపత్రిలో చేర్చారు. దేవుడి దయ, అందరూ కోలుకున్నారు. ఆసుపత్రి వాళ్ళు పిల్లల దగ్గర దొరికిన సాల్మొనెల్లాని మాకు పంపారు. ఆ రోజు భోజనం అన్నం, సాంబారు, ఉడికించిన గుడ్డు. ఇంకేముంది, గుడ్డే అన్నారు అందరూ. వంటావిడ గుడ్లు సరిగ్గా ఉడికించలేదు అన్నారు. ఆవిడని పక్కనపెట్టి వంటగదికి తాళం వేశారు. వచ్చే నెలలో కమిటీ కూర్చుని ఆవిడని ఉంచాలో తీసేయాలో తేలుస్తుందట. మా రిపోర్టు ఆ లోపు వెళ్ళాలి.

మా మేడమ్, టెక్నీషియన్ గారు, రీసెర్చ్ అమ్మాయి, ఐస్ పెట్టె మోస్తూ నేను, నలుగురం జీపులో వెళ్ళాం. మేడమ్ అంటే మా ల్యాబుకి పెద్ద డాక్టరు. గట్టిగా తిట్టేవారు కాదు. కళ్ళజోడు తీసి తుడుచుకునేవారు, అంతే. అదే మాకు వణుకు. మిగిలిన గుడ్లు తీసుకున్నారు, నీళ్ళు తీసుకున్నారు, వంటావిడ చేతులు దూదితో తుడిచి తీసుకున్నారు. గుడ్లు వచ్చిన కోళ్ళ ఫారానికి వెళ్ళి రెట్టలు తెద్దామని వాళ్ళు ముగ్గురూ బయల్దేరారు. పెట్టె కాపలాకి నన్ను బడి పక్కనే ఉన్న వంటావిడ ఇంటి అరుగు మీద కూర్చోబెట్టారు.

ఆవిడకి నలభై ఉంటాయేమో. కళ్ళు వాచి ఉన్నాయి.

"గ్యాసు మిగుల్చుకోడానికి గుడ్లు ఉడికించలేదంటన్నారక్కా," అంది. "పదకొండేళ్ళ నుంచి వండుతున్నా. మా ఇంట్లో అన్నం మాడిందేమో గానీ బళ్ళో ఏనాడూ మాడలా. పెంకు దానంతటదే ఊడేదాకా ఉడికించా. ఎవరికి చెప్పను? నిన్నటిదాకా 'వదినా' అన్న వాళ్ళే ఇవాళ ఇంటి ముందు నుంచి మొహం తిప్పుకుని పోతన్నారు."

"ఉద్యోగం పోతుందని భయమా?"

"పోతే పోయింది. పిల్లల్ని చంపబోయిందన్న పేరుతో పోతే ఈ ఊళ్ళో ఎట్టా ఉండేది?"

అంత బాధలోనూ ఇంటికి వచ్చిన మనిషిని ఉత్తినే కూర్చోబెట్టడం ఆవిడకి చేతకాలేదు. లోపలికి వెళ్ళి మామిడి పిందెలు ముక్కలు కోసి, ఉప్పూ కారం చల్లి తెచ్చింది. పిల్లలూ, శాంపిల్ తేవడానికి వెళ్ళిన చోట మంచినీళ్ళు కూడా ముట్టుకోకూడదు. కొత్తగా చేరిన వాళ్ళకి ఆ రూలు చెప్పేది నేనే. అందుకని పిందెలు తినలేదు. కానీ ఆ కారం రంగు చూశాను. ఎరుపంటే ఎరుపా! తొడిమలు తీసిన చేతులు నావి. చూస్తేనే చెప్పగలను, అది మిర్చి యార్డులో కొన్న కాయ కాదు.

"ఎక్కడిదే ఈ కారం?"

"మా కౌలు చేలోదే అక్కా. మా కల్లంలోనే ఎండబెట్టా. బడికీ ఇదే తీసుకుపోతా. చప్పటి గుడ్డు పిల్లలు తినరు. రెండు ముక్కలు చేసి పైన ఇంత ఉప్పూ కారం, బొట్టు పల్లీనూనె వేస్తే పళ్ళెం నాకేస్తారు. ఉండు, పొట్లం కడతా."

ఆవిడ కారం డబ్బా అరుగు మీదికే తెచ్చింది. వద్దనాలి. నేను "కొంచెం చాల్లే" అన్నాను. కాగితం పొట్లాన్ని చేతిసంచిలో, రుమాలు కింద దాచాను. జీపు వచ్చేసరికి బుద్ధిమంతురాలిలా పెట్టె పక్కన నిలబడ్డాను.

ఒక్క ముక్క గమనించారా? పిల్లల గుడ్ల మీద పడింది ఏ కారమో ఆవిడ నాకు చెప్పింది. నేను విన్నాను కూడా. కానీ నా చెవులు విన్నది కారం రుచి గురించి. ఇరవై ఏళ్ళు ల్యాబులో చేసిన దాన్ని, ఆ నిమిషంలో మాత్రం నేను ఉత్త గుంటూరు మనిషిని.

మరునాడు ఆదివారం. చద్దన్నంలో పెరుగు కలుపుకుని, ఆ కారంలో పల్లీనూనె పోసి, ఉల్లిపాయ నంజుకుని తిన్నాను. అంత రుచిగల ముద్ద ఈ మధ్యకాలంలో తినలేదు. సోమవారం పొద్దుటికల్లా కడుపులో రోలు తిరిగింది. జ్వరం, వాంతులు, విరేచనాలు. వేడి చేసిందని చెప్పి మూడు రోజులు సెలవు పెట్టాను. నాకు నేనూ అదే చెప్పుకున్నాను.

తిరిగి పనిలోకి వెళ్ళేసరికి మొదటి జెల్ అయిపోయింది. ఫొటో బల్ల మీద ఉంది. ముగ్గురు పిల్లల లేన్లూ అచ్చం ఒకేలా ఉన్నాయి. ఫారం కోళ్ళ లేన్లు వాటితో అవి కలిశాయి గానీ పిల్లల వాటితో కలవలేదు. మూడో గీత దగ్గరే తేడా కొట్టొచ్చినట్టుంది.

"అయితే గుడ్లు కాదన్నమాట!" అన్నాను సంబరంగా. "వంటావిడ బతికిపోయింది!"

టెక్నీషియన్ గారు పెదవి విరిచారు. "ఎక్కడ బతికింది? గుడ్లలో లేదు, నీళ్ళలో లేదు, ఆవిడ చేతుల మీదా లేదు. ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలియదని రాస్తాం. తెలియదంటే వాళ్ళు ఏమనుకుంటారు? వండింది ఆవిడే, శుభ్రం లేదు, తీసేయండి. అంతే."

"కమిటీకి ఎన్ని రోజులుంది?"

"పదిహేను."

నా చేతిలో ప్లేట్ల బుట్ట ఉంది. దాన్ని జాగ్రత్తగా కింద పెట్టాను. పిల్లలు గుడ్డు తిన్నారు, జబ్బు పడ్డారు. నేను గుడ్డు తినలేదు, నేనూ జబ్బు పడ్డాను. పిల్లలకీ నాకూ మధ్య ఉన్నది ఒక్కటే, అది మా ఇంట్లో పోపులపెట్టె పక్కన, కాగితం పొట్లంలో, సగం మిగిలి ఉంది.

వెంటనే చెప్పాల్సింది. చెప్పలేదు. పదవీ విరమణకి ఏడాది పైన కొంచెం ఉంది. శాంపిల్ తేవడానికి వెళ్ళి, విచారణలో ఉన్న మనిషి ఇంట్లోంచి కారం పొట్లం తెచ్చుకున్నానని తెలిస్తే నన్ను ఉంచుతారా? గ్లాసులు కడుగుతూ లెక్క వేశాను, మీడియా పోస్తూ లెక్క వేశాను. రెండు రోజులు అలా గడిచాయి. మూడో రోజు పొద్దున రీసెర్చ్ అమ్మాయి రిపోర్టు టైపు చేస్తుంటే వెనక నిలబడి చూశాను. అక్షరాలు రాని రోజుల్లో అయితే అదేదో కాగితం. ఇప్పుడు చదవగలను. "మూలం గుర్తించబడలేదు" అని ఉంది. నేను గుర్తించాను కదా! ఆ వాక్యం అబద్ధం అని ఆ గదిలో నాకొక్కదానికే తెలుసు.

తిన్నగా మేడమ్ గదికి వెళ్ళాను.

"ఏమ్మా, ఒంట్లో తగ్గిందా?"

"మేడమ్, నేను గుడ్డు తినలేదు."

"ఎవరు తిన్నావన్నారు?"

"పిల్లలకి వచ్చిందే నాకూ వచ్చింది మేడమ్. గుడ్డు మాత్రం తినలేదు. కారం తిన్నాను."

మొత్తం చెప్పేశాను. మేడమ్ కళ్ళజోడు తీశారు. తుడిచారు. మళ్ళీ తుడిచారు. ఉన్నట్టుండి ఆవిడ కుర్చీలోంచి లేచారు.

"ఆ పొట్లం ఇంకా ఉందా?"

"ఉంది మేడమ్."

"నువ్వు యాంటీబయాటిక్ ఏమన్నా మింగావా?"

"లేదు మేడమ్. మజ్జిగ తాగి పడుకున్నా."

"అయితే నిలబడతావేంటి? డబ్బా తీసుకుని బాత్రూముకి వెళ్ళు! తిట్లు తరువాత!"

ఆ మాటతో ల్యాబు ల్యాబంతా కదిలింది. టెక్నీషియన్ గారు నా డబ్బాని రెండు చేతులతో అందుకుని, "ఇన్నేళ్ళూ ఊళ్ళో గేదెలన్నిటివీ మోశావు. ఇవాళ్టికి నీ వంతు వచ్చిందమ్మా," అన్నారు. తరువాత గొంతు తగ్గించి, "నిజం చెప్పనా? ఆ అరుగు మీద కారం డబ్బా చూసి నేనూ ఒక పొట్లం అడుగుదామనుకున్నా. మేడమ్ పక్కన ఉన్నారని ఊరుకున్నా," అన్నారు. అంత భయంలోనూ నవ్వొచ్చింది.

ఇంట్లో విప్పిన పొట్లం సాక్ష్యానికి చాలదు అన్నారు మేడమ్. నా చేయి, నా చెంచా తగిలాయి. అందుకని అదే రోజు మళ్ళీ జీపు ఎక్కాం. హెడ్మాస్టరు గారి చేత వంటగది తాళం తీయించాం. గట్టు మీద, ఆ రోజు ఎలా వదిలేశారో అలాగే, కారం డబ్బా. శాంపిల్ తీసుకున్నాక, "కల్లం చూద్దాం పదండి" అన్నాను. ఆ మాట అనడానికి నాకు చదువు అక్కర్లేదు.

వంటావిడ చూపించింది. పట్టలు చాలక సగం కాయ ఉత్త నేల మీదే ఎండబోసి ఉంది. నేను గొంతుక్కూర్చుని కాయలు అటూ ఇటూ కదిపాను. మిరపకాయల మధ్య, నల్లగా, గుండ్రంగా, మిరియాలకంటే కొంచెం పెద్దవి. గొర్రె పెంటికలు.

"మంద ఎప్పుడు వచ్చిందే?"

"పక్క చేనాయన ఎరువు కోసం నాలుగు రోజులు గొర్రెల మంద కట్టించాడక్కా. పొద్దునపూట ఇటే తోలుకుపోయేవోళ్ళు. జల్లు పడి కాయ తడిస్తే మళ్ళీ ఎండబెట్టి పట్టించా." అంటూనే ఆవిడ నా మొహం వంక చూసింది. "ఏం? ఏమైంది?"

"ఇంకా ఏం తెలియదు," అన్నారు మేడమ్ నాకంటే ముందు. "తెలిశాక చెప్తాం."

వాళ్ళింట్లో ఎవరికీ ఏమీ కాలేదు ఎందుకని దారంతా ఆలోచించాం. వాళ్ళింట్లో ఆ కారం కూరల్లో పడుతుంది, పొయ్యి మీద ఉడుకుతుంది. పచ్చిగా చల్లుకున్నది బడిపిల్లలు. తరువాత నేను.

ఆ వారం మేము పనిచేసినట్టు మళ్ళీ ఎప్పుడూ చేయలేదు. నేను మీడియా రెండింతలు పోశాను. మంద ఎక్కడుందో వెతికి పెంటికలు తెచ్చారు. నాలో మొలిచింది. బడి డబ్బాలో కారంలో మొలిచింది. గొర్రెల్లో మొలిచింది. మొలిస్తే చాలదు, ఏ ఇంటివో తేలాలి. జెల్ నేనే పోశాను. గుంటలు పడటానికి జెల్‌లో గుచ్చిన దువ్వెన తీసేటప్పుడు ఒక్క గుంట కూడా చిరగకూడదని ఊపిరి బిగబట్టాను. మొదటిది కొలతకి పెట్టే లేన్. రెండు, మూడు పిల్లలు. నాలుగు, ఐదు కోళ్ళు. ఆరు నేను. ఏడు కారం. ఎనిమిది గొర్రె.

మరునాడు పొద్దున జెల్ దీపం కింద పెట్టే వేళకి నలుగురం ఆ చిన్న గదిలో ఇరుక్కున్నాం. టెక్నీషియన్ గారు మీట నొక్కారు. గీతలు మెరిశాయి.

అందరికంటే ముందు చూసింది నేనే. అంచు కలిసిందో లేదో చూడటానికి నాకు క్షణం చాలు.

"రెండు, మూడు, ఆరు, ఏడు, ఎనిమిది!" అని అరిచాను. "ఒకే ఇల్లు! ఒకే ఇల్లు మేడమ్!"

రీసెర్చ్ అమ్మాయి నన్ను వాటేసుకుని గెంతింది. టెక్నీషియన్ గారు గ్లవుజులు ఉన్న సంగతి మర్చిపోయి చప్పట్లు కొట్టారు. మేడమ్ స్కేలు పెట్టి ఒక్కో గీతా కొలిచారు. కొలిచి కొలిచి, నవ్వారు. నేను పిల్లల పక్కన, కారం పక్కన, గొర్రె పక్కన, చీకట్లో వెలుగుతూ నిలబడి ఉన్నాను. ఫొటోల్లో సరిగ్గా పడను అనుకునేదాన్ని. ఆ ఒక్క ఫొటోలో బ్రహ్మాండంగా పడ్డాను.

ఆరో లేన్ ఎవరిదో రిపోర్టులో రాయాలి. జరిగింది జరిగినట్టు నేను వాంగ్మూలం ఇవ్వాలి. "నువ్వు చెప్పు, అమ్మాయి రాస్తుంది, కింద సంతకం పెట్టు," అన్నారు మేడమ్.

"నేనే రాస్తాను మేడమ్," అన్నాను.

చీటీల మీద మాటలు తప్ప అప్పటిదాకా నేను ఏమీ రాసి ఎరగను. మధ్యాహ్నం భోజనం మానేసి కూర్చున్నాను. కారం అడిగి తెచ్చుకున్నాను, దాచాను, తిన్నాను, రెండు రోజులు చెప్పలేదు. మూడు పేజీలు పట్టింది. అమ్మాయి సరిచేస్తానంది. మేడమ్ వద్దన్నారు. "ఉన్నదున్నట్టు వెళ్ళనీ" అన్నారు.

కమిటీ రోజు నేనూ వెళ్ళాను. గుడ్లు బాగానే ఉడికాయి, వంటావిడ తప్పు లేదు అని మేడమ్ వివరించారు. కల్లంలో గొర్రెల పెంటికలు, వాన జల్లు, పచ్చి కారం, అన్నీ చెప్పారు. కమిటీలో ఒకాయన, "ఇంతకీ ఆ కారం ఎవరిది?" అని అడిగాడు. మేడమ్ నోరు తెరిచేలోపు వంటావిడ లేచి నిలబడింది.

"నాదేనండి. చప్పటి గుడ్డు తినరని నేనే చల్లా. నా చేత్తో నేనే పెట్టానండి."

నేనేమో సంబరంగా వచ్చాను. ఆవిడ మీద పడ్డ అబద్ధాన్ని తీసేశాం, దాని స్థానంలో నిజాన్ని పెట్టాం. అది తేలికైనదేమీ కాదు. అప్పుడు బడిపిల్లల తల్లి ఒకామె వెనక నుంచి, "మా ఇళ్ళల్లోనూ కల్లం కారమే కదండీ, మేం మాత్రం చూశామా?" అంది. ఆవిడని వంటలోనే ఉంచారు. పచ్చి కారం చల్లకూడదు, కారం వేయించి వాడాలి, కాయ పట్టల మీదే ఎండబెట్టాలి అన్నారు.

నాకు మెమో వచ్చింది. నియమాలు ఉల్లంఘించినందుకు గట్టిగా హెచ్చరించడమైనది అని. నా పేరున వచ్చిన ఆఫీసు కాగితాల్లో, ఎవరి సాయం లేకుండా నేను మొదటి నుంచి చివరిదాకా చదువుకున్నది అదే. దాన్ని పారేయలేదు. జెల్ ఫొటోతో కలిపి బీరువాలో పెట్టుకున్నాను.

పిల్లలూ, తప్పు చేయకండి అని చెప్పడానికి నేనెవర్ని? చేస్తే, రెండు రోజులు ఆగకండి.

మరుసటి ఏడు మిర్చి కోతలయ్యాక ల్యాబుకి నా పేరున ఒక డబ్బా వచ్చింది. లోపల ఎర్రటి కారం, ఒక చీటీ. "అక్కా, పట్ట మీదే ఎండబెట్టా. దోరగా వేయించా. ధైర్యంగా తిను."

మూత తీస్తే గదంతా వాసన. టెక్నీషియన్ గారు క్యారేజీ విప్పుకుని, అన్నం కలుపుకుని, నా వంక చూస్తూ కూర్చున్నారు.

"ఆగండి," అన్నాను. ఒక చెంచా తీసి, ప్లేట్ల మీద వేసి, ఇంక్యుబేటర్‌లో పెట్టాను. మూడు రోజులు. ఏమీ మొలవలేదు.

నాలుగో రోజు నలుగురం కూర్చుని తిన్నాం.